కత్తిరించిన అరశాతం

పందొమ్మిదేళ్లుగా కేసముద్రంలో రైలెక్కి మహబూబాబాదు వెళ్లి డిగ్రీ విద్యార్థులకు జావా అనే కంప్యూటర్ భాష చెబుతున్న సునంద ఆ ఉదయం అలసటతోనే మేల్కొన్నది. ఏటేటా పొడిగిస్తే తప్ప నిలవని కొలువు ఆమెది. కొత్తగా సిలబస్‌లో చేరిన లాంబ్డా పాఠాన్ని ఆ రోజు శాఖాధిపతి సంజీవ వెనుక బల్లపై కూర్చుని వింటాడు. ఆయన రాసే నాలుగు మాటల మీదే ఈసారి పొడిగింపు.

ఉదాహరణకు ఆమె మార్కెట్ యార్డును తీసుకున్నది. పత్తి కుప్పలను తేమశాతం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చాలి; తేమ పెరిగితే ధర తగ్గుతుంది. వెనుకటి పద్ధతిలో రెండు కుప్పలను పోల్చే ఒక్క పనికోసం పేరుపెట్టి ‘క్లాస్’ అనే పెద్ద కోడు ముక్కంతా రాయవలసి వచ్చేది. లాంబ్డాకు పేరుండదు, కావలసిన పోలికను కావలసిన చోటే ఒక్క వరుసలో చెబితే చాలు. ఒక తేమలోంచి మరొకటి తీసివేయమని ఆమె రాసింది. జవాబు పూర్ణసంఖ్యగానే ఉండాలని యంత్రం మొరాయించింది. పాత అలవాటుకొద్దీ ఆమె దశాంశాన్ని కత్తిరించింది. ప్రోగ్రాం నడిచింది.

మూడో వరుసలో చాందీ లేచింది. ఆమె తండ్రి భీమ్లా తండా నుంచి ఆ యార్డుకే పత్తి తెస్తాడు.

“మేడం, ఎనిమిదిన్నర పైనున్నది, ఎనిమిది కిందున్నది. గిట్ల పేరిస్తే మా బాపు ఊకుంటడా? అరశాతానికే కాంట కాడ గంటసేపు కొట్లాడుతడు.”

తరగతి నవ్వింది. వెనుక సంజీవ కలం కదిలింది. సునంద తెర వైపు చూసింది. రెండింటి మధ్య తేడా అర; దాన్ని కత్తిరిస్తే మిగిలేది సున్న. అందుకే యంత్రం రెంటినీ సమానమనుకుని, ముందున్న వరుసలోనే వదిలేసింది. అది యంత్రం తప్పు కాదు. వచ్చే పాఠంలో చూద్దామని దాటవేయడం ఆమెకు చేతకానిది కాదు; కాని దాటవేయడానికి కూడా కొంత ఓపిక కావాలి.

“తప్పు నాదే బిడ్డా. అర అంటే ఏమీ లేదని దానికి నేనే చెప్పిన.”

ఆ వరుస చెరిపి, దశాంశాలను పోల్చడానికి జావాలో ఉన్న పద్ధతినే లాంబ్డాలో పెట్టింది. ఎనిమిది పైకి వచ్చింది. చాందీ కూర్చున్నది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో సంజీవ ప్రిన్సిపాల్‌కు పంపే కాగితం చూపించాడు.

“వచ్చే ఏడు గూడ మీరే, మేడం. తప్పు దిద్దుకున్నరని గూడ రాసిన.”

‘జావా: ఒకరు. తప్పు దిద్దుకున్నారు. పొడిగించవచ్చు’ అని ఉన్నది. పేరు రాసే గడి ఆ కాగితంలో లేదు. సునంద రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చింది. సాయంత్రం బండికి ఇంకా రెండు గంటలున్నాయి. బల్లమీది ల్యాబ్ రికార్డుల్లోంచి చాందీది ముందుకు లాక్కుని, తను నేర్పిన అలవాటుకొద్దీ దశాంశాలు ఎక్కడెక్కడ తెగాయో వెతకసాగింది.