ప్రపంచ యుద్ధం, మొదటిది

మా వదిన బట్టలు కుట్టదు, సరిచేస్తుంది. ఈ తేడా తెలియక ఎవరైనా కొత్త గుడ్డ పట్టుకొస్తే పక్క వీధి దర్జీని చూపిస్తుంది. బిగుతైనవి వదులు చేయడం, పొడుగువి కురచ చేయడం, అన్న చొక్కా తమ్ముడికి సరిపోయేలా చేయడం ఆమె పని. మెట్ల కింద ఇరుకు గది, అందులో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల.

ఆమె తమ్ముడే మా ఆయన. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసేవారు. ఈ మధ్యనే మా ఇద్దర్నీ వదిలేసి కన్నుమూశారు.

ఆయనకు యుద్ధాల పిచ్చి. ఫలానా దేశం ఫలానా దేశం మీదికి ఎందుకు వెళ్లిందో అన్నం తింటూ చెప్పేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని. వదిన అదీ కొట్టేది కాదు, ముందు కూర కలుపుకోరా, వాళ్లెక్కడికీ పోరు అనేది.

మా పేట లైబ్రరీలో నెలకో ఆదివారం ఎవరో ఒకరు తాము చదివినదాని గురించి అరగంట మాట్లాడతారు. ఆయన ఏళ్ల తరబడి వినడానికే వెళ్లారు. చివరికి ధైర్యం చేసి ఒక ఆదివారానికి తన పేరు రాయించుకున్నారు. ఆ ఆదివారం రాకుండానే ఆయన పోయారు.

ఆ సభలు నడిపే మాస్టారు పరామర్శకు వచ్చారు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, ఆ రోజుకు ఇంకెవరినైనా చూస్తాను, మీరేం మనసులో పెట్టుకోకండి అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అప్పటిదాకా గోడకు చేరగిలబడి ఉన్న వదిన లేచి నిలబడింది.

"ఆ రోజు మావాడిది మాస్టారూ. ఎవరికీ ఇవ్వకండి. నేను మాట్లాడతాను."

"దేని గురించమ్మా?"

"వాడు దేని గురించి అన్నాడో దాని గురించే. యుద్ధమేగా?"

మాస్టారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. వదిన చదువు ఐదుతో ఆగింది, నాది ఏడుతో. పత్రికలో సీరియల్ తప్ప ఇద్దరం ఏ పుస్తకాన్నీ అట్ట నుంచి అట్టదాకా చదివిన పాపాన పోలేదు.

మర్నాడే లైబ్రరీకి బయల్దేరదీసింది. కౌంటర్ దగ్గరున్న అమ్మాయితో, ప్రపంచ యుద్ధం కావాలమ్మా, మొదటిది ఇవ్వు అంది. బళ్లో మొదటి వాచకం ఉంటుంది చూడండి, అలా ఏమీ తెలియనివాళ్లు మొట్టమొదట చదివేదని ఆమె ఉద్దేశం. ఆ అమ్మాయి లోపలికెళ్లి నాలుగు పుస్తకాలు తెచ్చింది. అన్ని అట్టల మీదా 'మొదటి' అని పెద్దక్షరాల్లో ఉంది. చూశావా, అడిగే పద్ధతిలో అడిగితే పనెలా అవుతుందో అన్నట్టు వదిన నావైపు తిరిగి కనుబొమలు ఎగరేసింది. ప్రపంచ యుద్ధాలు రెండు జరిగాయని ఎప్పుడో వినే ఉంటాం. ఆ క్షణాన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నాలుగూ చదివే వ్యవధి లేదు, ఒకటే ఎంచుకోవాలి. వదిన బట్టను ఎంచినట్టే పుస్తకాన్నీ ఎంచింది. ఆమె చేతికి చొక్కా ఇస్తే ముందు లోపలికి తిప్పి చూస్తుంది. పైన ఎవడైనా మెరుగు పెడతాడు, కుట్టినవాడి బుద్ధి లోపలి కుట్లలో తెలుస్తుందంటుంది. అలాగే ముందుమాట జోలికి పోకుండా ప్రతి పుస్తకాన్నీ నట్టనడిమికి విప్పి, ఒక పేజీ పైకి చదివి మూసేసి, ఏం జరిగిందో చెప్పమని నన్నడిగింది.

"నన్నెందుకు వదినా?"

"నీ బుర్రకెక్కితే ఊరందరికీ ఎక్కినట్టేనే."

లావుపాటి దాంట్లో పేజీ నిండా సేనాపతులే. ఎవరు ఎవరిని కొట్టారో చెప్పలేక నీళ్లు నమిలాను. పెళ్లికొచ్చినవాళ్ల పేర్లన్నీ చదివాడు గానీ పెళ్లెవరిదో చెప్పలేదని వదిన దాన్ని అవతల పెట్టింది. రెండోదాంట్లో అన్నీ తుపాకుల కొలతలు. మూడోది పిల్లల బొమ్మల పుస్తకం. చక్కగా అర్థమైంది. మరీ చక్కగా ఉంది.

"ఇందులో ఎవరూ చావలేదేమిటే," అంది వదిన.

దాన్నీ అవతల పెట్టేసింది.

నాలుగోది విప్పేసరికి ఒక సైనికుడు కందకంలో మోకాలిలోతు బురదలో నిలబడి, ఇంటినుంచి పొడి మేజోళ్లు వస్తాయని ఎదురుచూస్తున్నాడు. ఏ దేశం ఏ దేశానికిచ్చిన మాట అతన్ని ఆ బురదలోకి దింపిందో ఆ కిందే నాలుగు ముక్కల్లో ఉంది. నేను ఎక్కడా తడుముకోకుండా చెప్పేశాను. చెప్పి, తర్వాతేమైంది అన్నాను. ఆయన పోయాక, తర్వాతేమైందో తెలుసుకోవాలని నాకు అనిపించడం అదే మొదటిసారి. వదిన ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుంది.

మిషను పక్కనే పెట్టుకుని, ఒక బట్టకూ ఇంకో బట్టకూ మధ్య చదివేది. కొరుకుడుపడని మాట దగ్గర దారప్పోగు పెట్టేది. పుస్తకం మూస్తే దారాలు మీసాల్లా వేలాడేవి. పుస్తకానికి కూడా అంచు కుడుతున్నావా అని ఒకావిడ వేళాకోళం చేస్తే, కాదమ్మా, నాకు బిగుతుగా ఉంది, వదులు చేసుకుంటున్నా అంది.

ఆదివారం దగ్గర పడింది. మిగిలిన ఒకటి రెండు మాటలు అడగడానికి మళ్లీ లైబ్రరీకి వెళ్లాం. అప్పుడు చూశాం నోటీసు బోర్డు. ఆయన పేరు, దాని కింద ఆయన మాట్లాడతానన్న విషయం: 'రెండో ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చింది?'

మేం చదివింది వేరే యుద్ధం. మీరు మొదటిదే అడిగారండీ అని కౌంటర్ అమ్మాయి బిక్కమొహం వేసింది. సంగతి విన్న మాస్టారు, ఫరవాలేదమ్మా, వాయిదా వేద్దాం అన్నారు. వాయిదా పడ్డ బట్ట మూటలో అడుక్కి చేరుతుందని వదినకు తెలుసు. ఆ ఆదివారం ఇంకొకరికి వెళ్లిపోతుంది, ఆయన పేరు చెరిగిపోతుంది.

వదిన బోర్డును కూడబలుక్కుంటూ మళ్లీ చదివింది. 'ఎందుకొచ్చింది' అన్న మాట మీద ఆమె వేలు ఆగింది.

"రెండోది ఎందుకొచ్చిందో చెప్పాలంటే, మొదటిది ఎలా ముగిసిందో చెప్పొద్దూ మాస్టారూ? అది నా దగ్గరుంది."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెప్పి తీరాలమ్మా అన్నారు.

ఆదివారం డిపో మెకానిక్కులంతా వచ్చి వెనక వరస నింపేశారు. వదిన చేతిలో కాగితం లేదు. మొదట్లోనే ఒకచోట దేశాలు తారుమారయ్యాయి. ఆగండి, తిరగేసి కుట్టాను అని, ఆ ముక్క విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత తడబడలేదు. యువరాజు మీద పేలిన తుపాకీ, ఒకరి వెనక ఒకరు దిగిన దేశాలు, ఆ బురద, ఆ మేజోళ్లు అన్నీ వరసగా వచ్చాయి. చివరికి శాంతి ఒప్పందం దగ్గరికి చేరింది.

"గెలిచినవాళ్లంతా కూర్చుని ఓడిన జర్మనీకి ఒక చొక్కా కుట్టారు. ముందు పిలిచి కొలత తీసుకోలేదు. అంతా అయ్యాక పిలిచి, తొడుక్కో అన్నారు. తొడుక్కుంది. ఇరవై ఏళ్లకు పిగిలిపోయింది. మా తమ్ముడు చెప్పాలనుకున్న యుద్ధం ఆ పిగిలిన చోట మొదలైంది."

అందరూ ఇలా ఒప్పుకోరనీ, చొక్కా కంటే తర్వాత దాన్ని లాగిన చేతులదే తప్పు ఎక్కువనేవాళ్లూ ఉన్నారనీ మాస్టారు అన్నారు.

"ఉండే ఉంటారు మాస్టారూ. నేను చదివింది ఒకటేగా," అంది వదిన.

అందరికంటే ముందు నవ్వింది మాస్టారే. ఆ నవ్వులోంచే చప్పట్లు మొదలై, ఎంతకీ ఆగలేదు. నేనూ కొట్టాను, అరచేతులు మండేదాకా.

వెనకనుంచి ఒక మెకానిక్కు లేచి, ఎక్కడో యువరాజు చస్తే దూరాన ఉన్నవాళ్లెందుకు దిగారో మళ్లీ చెప్పక్కా అన్నాడు. చెప్పింది. ఇంకొకతను లేచాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. తాళాలు పట్టుకొచ్చిన వాచ్‌మన్ కాసేపు గుమ్మంలో నిలబడి, తనూ ఓ కుర్చీ లాక్కున్నాడు. వదిన గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఊఁ, తర్వాత ఎవరు?" అంది.