చియాంగ్ మై కోసం నింపిన ఫారం

చియాంగ్ మై అనే ఊరొకటి ఉందని నాకు తెలిసింది మా పక్కింటి అక్క వల్లే. మన్సూరాబాద్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆమెది నల్గొండ వైపు పల్లె, మాది తెనాలి దగ్గర. ఇద్దరం ఒకే స్కూల్లో టీచర్లం. పదమూడేళ్లు ఒకే ఆటోలో వెళ్లి ఒకే ఆటోలో వచ్చాం.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొని వస్తుంటే, ట్రావెల్స్ ఆఫీసు అద్దానికి అతికించిన బొమ్మ చూసి ఆగిపోయింది. నన్ను లోపలికి లాక్కెళ్లింది. థాయ్‌లాండ్‌లో కొండల నడుమ ఊరనీ, గదులు చవకనీ, అక్కడ ఎవరూ ఉరుకులు పరుగులు పెట్టరనీ ఆఫీసాయన చెప్పాడు.

"గా ఒక్క మాట చాలు," అంది అక్క. "పుట్టిన సంది జల్దీ జల్దీ అనుడే విన్న. పది రోజులు ఎవ్వరూ జల్దీ అనని ఊర్ల ఉండాలె చెల్లే. మనిద్దరమే పోదాం."

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బంద్ అంటే స్కూలుకి సెలవు, సెలవంటే మాకు చియాంగ్ మై. అక్క ఎల్బీ నగర్ చౌరస్తాలో అందరితో కలిసి నడిరోడ్డు మీద వంటావార్పు చేసి, ఒంటి నిండా పొగ వాసనతో వచ్చేది. నాకో గిన్నెడు పులిహోర పెట్టి, "తిను, ఉద్యమం పులిహోర. ఆంధ్రోళ్లకు అరుగుతదో లేదో సూద్దాం," అని నవ్వేది. ఆ చేత్తోనే స్కూలు అట్లాసు తెరిచేది. నేను గోంగూర పచ్చడి తెస్తానంటే, "సీసా పగిలిందంటే విమానం నిండ మన పరువు పోతది," అనేది. నా బతుకులో నాకోసం నేను వేసుకున్న పథకం అదొక్కటే.

ఇద్దరికీ పాస్‌పోర్టులు లేవు. దరఖాస్తు పెడితే పోలీసులు ఇంటికొచ్చి, ఈ మనిషి ఇక్కడే ఉంటుందా అని ఇరుగుపొరుగుని అడిగి సంతకాలు తీసుకుంటారు. ఆమె కోసం వచ్చినప్పుడు నేను పెట్టాను. "నీకొచ్చినప్పుడు నేను పెడత," అంది.

నాకోసం ఎవరూ రారని నాకు తెలుసు. మాలాంటి చాలామందిలాగే మేమూ రేషన్ కార్డు ఊళ్లోనే ఉంచుకున్నాం. "రేపు రాష్ట్రం విడిపోతే ఈ అడ్రసుతో ఏం చిక్కొస్తుందో. ఊరి అడ్రసే పెట్టు, మా తమ్ముడు చూసుకుంటాడు," అన్నారు మా ఆయన. పెట్టేశాను. ఆయన మీదికి తోసెయ్యడం తేలికే గానీ, భయం నాకూ ఉంది. వీధిలో నినాదాలు వినిపిస్తే కిటికీ మూసేదాన్ని. అందులో అక్క గొంతు కూడా ఉందని తెలిసే మూసేదాన్ని.

"పోలీసాయన రాలేదా?" అని ఆమె రోజూ అడిగేది. "రాలేదక్కా," అనేదాన్ని. రెండు నెలలు అలాగే గడిపాను.

చివరికి నాకు సాయం చేద్దామని తనే స్టేషన్‌కి వెళ్లింది. అక్కడి కానిస్టేబుల్ వాళ్ల ఊరివాడే. నా పేరుతో కాగితమే రాలేదనీ, ఊరి అడ్రసు పెట్టి ఉంటామనీ, ఈ కాలనీల్లో చాలామంది అదే పని చేస్తున్నారనీ చెప్పాడట.

తిన్నగా వచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఊరి అడ్రసు పెట్టినవా చెల్లే?"

తలూపాను.

"ఈమె ఈడనే ఉంటది, మా మనిషే అని చెప్దామని రెండు నెలల సంది ఎదురుసూస్తున్న. మేం కొట్లాడేది నీతోనా? నిన్ను నేను పొమ్మంటననుకున్నవా?"

లేదక్కా అనాలి. ఒక్క మాట. అంటే అబద్ధమే. ఎందుకంటే, పొమ్మంటుందనే అనుకున్నాను. పూర్తిగా కాదు, ఆ ఫారం నింపేటంత మాత్రం అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె ముందు ఆటోకే వెళ్లిపోయేది. రెండు పాస్‌పోర్టులూ చేతికొచ్చాయి. ప్రయాణం మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ వేసవిలో మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి బొట్టు పెట్టి పిలుస్తూ, "మీరు తప్పక రావాలె," అంది. పదమూడేళ్లలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మేం ఇంకా అదే ఇంట్లో ఉన్నాం. నన్ను ఇక్కణ్ణించి ఎవరూ పొమ్మనలేదు. ఆమెను మాత్రం నేనే పొమ్మన్నాను.