ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, మరిగిన బండిలో

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా వైపు కార్లలో తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను ఆదోని పత్తి మార్కెట్లో గుమాస్తాను. ఎమ్మిగనూరుకు బాడుగ కారు దొరుకుతుందా, దారి ఎట్లా ఉంటుంది, ఎండాకాలంలో పోవచ్చా అని రైలు దిగినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఆ దారిన బస్సులో లెక్కలేనన్నిసార్లు పోయాను గానీ, కారులో పోయింది ఒక్కసారే. పోయిన ఏప్రిల్‌లో, మా అన్న రంగన్నను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకుపోవడానికి. అడిగేవాళ్ళకు పనికొస్తుందని ఆ ప్రయాణం ఇక్కడ రాస్తున్నాను.

రంగన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఎమ్మిగనూరులో చీరలు నేసేవాడు. కడుపులో గడ్డ అని తెలిసి ఆదోని ఆస్పత్రిలో చేర్చాం. ఆయన ఆస్పత్రి మంచంలో ఉండగానే ఎమ్మిగనూరులో వదిన ఆడపిల్లను కన్నది. పచ్చి బాలింత కాబట్టి ఆమె రాలేదు, ఈయన పోలేడు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను లోపలికి వచ్చేసరికే అన్నకు అర్థమైపోయింది. "కారు మాట్లాడు. పాపను సూడాల" అన్నాడు.

బస్సుకు పన్నెండణాలే గానీ, అన్న కూర్చోలేడు. స్టేషను దగ్గర మస్తాన్ అని ఒకాయనకు యుద్ధానికి ముందు నాటి నల్ల కారు ఉంది. పదిహేను రూపాయలకు ఒప్పుకుంటూనే ఉన్నమాట చెప్పాడు. "సాయంత్రం నాలుగ్గంటలకు పోదామప్పా. దీని రేడియేటర్ పాతది. ఎండలో నీళ్ళు మరుగుతాయి. సల్లపొద్దయితే గంటలో దించుతా." ఆ మాటే అన్నకు చెప్పాను. "సాయంత్రం దాకా నేనుంటానని ఎవురు సెప్పినారు?" అన్నాడు నెమ్మదిగా. తొమ్మిదిన్నరకు బయల్దేరాం. వెనక సీటులో దుప్పటి పరిచి పడుకోబెట్టి, తల దగ్గర నేను ఇరుక్కుని కూర్చోబోయాను. "నువ్వు ముందరకు పో, కాళ్ళు సాపుకుంటా" అన్నాడు. పోయి మస్తాన్ పక్కన కూర్చున్నాను.

ఊరు దాటాక పద్దెనిమిది మైళ్ళూ నల్లరేగడి చేలే. కంకర తేలిన రోడ్డు, నీడ తక్కువ. ఆరో మైలు దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. మస్తాన్ బండిని పక్కకు తీసి ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఊరికే కూర్చున్నాడు. నేను మూత తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు తీస్తే మొగం కాలిపోతాది. బుస తగ్గనీ." ఇరవై నిమిషాల తర్వాత తడి గోనెపట్ట మూత మీద వేసి కొంచెం కొంచెం తిప్పాడు. తర్వాత ఇంజను నడుపుతూ, డబ్బాలో తెచ్చిన నీళ్ళు సన్నధారగా పోశాడు. వేడి ఇంజనులో ఒక్కసారి చల్లనీళ్ళు పోస్తే అది పగులుతుందట. ఉన్న ఒక్క డబ్బా నీళ్ళూ అక్కడే అయిపోయాయి.

పదో మైలు దగ్గర మళ్ళీ మరిగింది. ఇంక మిగిలింది అన్న తాగడానికి తెచ్చిన కూజా ఒక్కటే. "పోయండి" అన్నాడు అన్న లోపలినుంచి. మస్తాన్ వినలేదు. "అవి నీ నీళ్ళప్పా. నేను యాడన్నా తెస్తా" అని డబ్బా పట్టుకుని చేలకడ్డంగా పోయాడు.

అన్నా నేనూ మిగిలాం. నేను తలుపు తెరిచి ఎండలో నిలబడి, మస్తాన్ పోయిన వైపే చూస్తున్నాను. "పాప ఎవురి మాదిరి ఉండాది?" అని అడిగాడు అన్న. అంతకుముందు ఆదివారం నేను చూసి వచ్చాను. "ముక్కు నీదే. జుట్టు నల్లగా, నుదురు మీదికి ఉండాది" అన్నాను. "ఇంకా?" "ఏడుస్తే పిడికిళ్ళు బిగిస్తాది." నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇంకా సెప్పు" అన్నాడు. దూరంగా మనుషులు కనబడ్డారు. "ఉండన్నా, ముందు నీళ్ళు సూద్దాం" అని ఎదురుపోయాను.

మస్తాన్ వెంట పత్తికట్టె పీకే పనికి వచ్చిన ఒకామె నెత్తిన కడవతో వస్తోంది. మరియమ్మ అట. కూలోళ్ళంతా మధ్యాహ్నానికి తాగాలని మైలు దూరం నుంచి మోసుకొచ్చుకున్న నీళ్ళు అవి. దారిలో మస్తాన్ ఆమెకు సంగతి చెప్పినట్టున్నాడు. కడవ దించి, "బండికి పోసుకోండప్పా. మేము మళ్ళా తెచ్చుకుంటాము" అన్నది. సగం రేడియేటర్‌లోకి పోయింది. అన్న తల ఎత్తి, "నాకూ రోంత పొయ్యి తల్లీ" అన్నాడు. ఆమె వెనక్కి తగ్గింది. "మా నీళ్ళు మీరు తాగేవి కావప్పా" అన్నది. "నీళ్ళకేముందమ్మా" అని అన్న దోసిలి పట్టాడు. చేతులు నిలవకపోతే కింద నేను పట్టుకున్నాను. ఆమె పోసింది. రెండు గుక్కలు తాగి, "సల్లగుండాయి" అన్నాడు. నేను విన్న ఆయన చివరి మాట అదే.

బయల్దేరేసరికి పన్నెండయింది. అక్కడినుంచి మస్తాన్ సైకిలు వేగంతో నడిపాడు, బానెట్ తెరిచి తాడుతో కట్టి. పక్కకు వంగి దారి చూస్తున్నాడు. నేను నా వైపు నుంచి వంగి రేడియేటర్ మూత మీదే కళ్ళు పెట్టాను. సన్నగా ఆవిరి కనబడితే ఆపమనేవాణ్ణి, తగ్గితే పొమ్మనేవాణ్ణి. కోటేకల్లు దాటాక మరగలేదు. ఊరి కప్పులు కనబడ్డాయి. ఈ బండి నెగ్గింది అనుకుని, సంతోషంగానే వెనక్కి తిరిగి, "అన్నా, ఊరొచ్చింది" అన్నాను.

ఆయన కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చెయ్యి సీటు కిందికి జారింది. ఎప్పుడు పోయాడో నాకు తెలియదు.

మస్తాన్ బండి ఆపి, దిగి వెనక తలుపు తెరిచాడు. "నా బండి వల్లనే గదప్పా" అన్నాడు. కాదన్నాను. సాయంత్రం వరకు ఆగి ఉంటే ఆస్పత్రిలోనే పోయేవాడు. ఆ మాటా చెప్పాను. ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. వదిన పిల్లను ఎత్తుకుని గడపలోకి వచ్చింది. కారు తలుపు తెరిచి చూసి, పిల్లను ఆయన గుండెల మీద పెట్టి పట్టుకున్నది. పిల్ల నిద్రలోనే ఉంది.

ఇంజను సంగతి నేను ఆ రోజు బాగానే నేర్చుకున్నాను. ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో, నీళ్ళు ఎట్లా పోయాలో ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. పక్కన ఒక మనిషి ప్రాణం పోతుంటే బండిని బతికించే పనిలో పడ్డాను. అది తప్పని ఎవరూ అనలేదు, వదినతో సహా. అయినా రాత్రిళ్ళు నాకు ఆవిరి కాదు, "ఇంకా సెప్పు" అన్న ఆయన గొంతే గుర్తొస్తుంది. పాపను గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకా చాలా ఉండినాయి.

ఈ దారిన పాత కారులో పోయేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరండి, నాలుగు డబ్బాల నీళ్ళు పెట్టుకోండి. జబ్బుమనిషిని తీసుకుపోతుంటే మాత్రం ఇంజను సంగతి డ్రైవరుకు వదిలేయండి. ఎంత ఇరుకైనా వెనక సీటులో, ఆ మనిషి తల ఒడిలో పెట్టుకుని కూర్చోండి.