జానీబీ చిన్నమ్మ నూరు మార్కుల నోటు

పోయిన ఏడాది సెలవులో తర్లుపాడు వెళ్లినప్పుడు జానీబీ చిన్నమ్మ నా చేతిలో ఒక నీలం రంగు నోటు పెట్టింది. జర్మనీ వాళ్ల పాత నూరు మార్కుల నోటు. నేను ఆ దేశంలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. చిన్నమ్మ, మా అమ్మ ఒకప్పుడు మార్కాపురం పలకల షెడ్డులో పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్లు. పలకరాయి కొనడానికి వచ్చిన ఒక జర్మన్ ఆయన్ని చిన్నమ్మ భర్త కాశిం చిన్నాయన గనులన్నీ తిప్పి చూపించాడట. వెళ్లేటప్పుడు ఆయన ఈ నోటు చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్ని ఎక్కడ మార్చుకోవాలో తెలిసేలోపే అక్కడ మార్కులు పోయి యూరోలు వచ్చేశాయి. ఎవరికి చూపించినా చెల్లని కాగితం అన్నారు. ఆ దొర ఏదో రంగు కాగితమిచ్చి మోసం చేశాడని వీధంతా నవ్వింది. "ఆయన అట్లాంటోడు కాదు" అంటూనే చిన్నాయన కన్నుమూశాడు. "డబ్బు మాట అట్లుంచు పాపా. మోసమా కాదా, అది అడిగి రా" అంది చిన్నమ్మ.

అడిగాను. జర్మనీ కేంద్ర బ్యాంకు పాత మార్కులను ఇప్పటికీ మారుస్తుంది, రుసుము లేదు, గడువూ లేదు. కౌంటర్‌లో ఉన్నావిడ నోటును వెలుతురుకు పట్టి చూసి, యాభై యూరోల నోటు, ఒక యూరో నాణెం, కాస్త చిల్లర నా ముందు పెట్టింది. రెండు మార్కులకు ఒక యూరో కంటే కొంచెం ఎక్కువే.

ఈ డిసెంబరులో ఆ యూరోలు పట్టుకుని, మా ఇల్లున్న గిద్దలూరులో పొద్దున్నే రైలెక్కాను. తర్లుపాడుకు టికెట్ ముప్పై రూపాయలు. కంభం దాటాక మంచు ఎంత దట్టంగా ఉందంటే కంది చేలు నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి. ఒక గొర్రెల మంద పట్టాల పక్కన తేలుతూ వచ్చి, తేలుతూనే మాయమైంది. నాకు మెలకువో నిద్రో తెలియని ఆ గంటంబావు, ఈ దారిలో నేను చేసిన ప్రయాణాలన్నిటిలోకీ మెత్తనిది.

స్టేషన్ నుంచి ఊళ్లోకి షేర్ ఆటో ఇరవై రూపాయలు. చిన్నమ్మ యాభై యూరోల నోటును రెండు చేతులతో అందుకుంది. దాని మీది వంతెనను వేలితో తడిమింది.

"ఈ వారధి యాడుంది పాపా?"

"ఏ ఊర్లోదీ కాదు చిన్నమ్మా. ఊహించి గీసినారు."

"అంటే... ఆ మనిషి ఇచ్చింది నిజం డబ్బేనా?"

"నిజం డబ్బే. ఇచ్చిన రోజు నుంచీ నిజమే."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, ఎదురింటి ఆమెను పిలుస్తోంది. "ఏమ్మే, ఇట్ల రా! మీ ఆయన ఏమన్నాడు ఆ పొద్దు?" ఆ ఎదురింటామె వచ్చింది, చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు.

దాచుకుంటుందనుకున్నాను. చిన్నమ్మ చెప్పులేసుకుంది. "పద, మార్కాపురం పోయి రూపాయలు చేద్దాం. ఇన్నేళ్లు దాచింది చాలదా?"

దారిపొడవునా ఆటో అతనికి కథంతా చెప్పింది. "నూరు మార్కులా అమ్మా? అయితే మీ ఆయన ఫస్టు క్లాసులో పాసైనట్లే!" అన్నాడతను. మాకిద్దరికీ కలిపి అరవై రూపాయలు తీసుకున్నాడు. మార్కాపురంలో గల్ఫ్ టికెట్లు అమ్మే ఒక ఆఫీసులో నోట్లు మార్చే అనుమతి ఉన్న కౌంటరుంది. నా పాస్‌పోర్ట్ చూసి, రసీదు రాసి, నాలుగు వేల ఏడు వందలు ఇచ్చారు. నాణెం మాత్రం మేం తీసుకోం అన్నారు. అది చిన్నమ్మ కొంగు ముడిలోకే పోయింది.

టీ తాగుతూ ఆమె నెమ్మదిగా అడిగింది. "నంద్యాల రైలు ఉంటాదా ఇప్పుడు? నోటు మారినాక నల్లమల సొరంగంలో తీస్కపోతా అన్నాడు మీ చిన్నాయన. కొండ కడుపులో ఎండాకాలం కూడా చల్లగుంటాదంట. నేను గిద్దలూరు దాటి ఎరగను."

స్టేషన్ ఊరికి ఎడంగా ఉంటుంది, ఆటోకు కొంత సమయం మిగుల్చుకోవాలి. రెండు టికెట్లూ చిన్నమ్మే కొంది. గిద్దలూరు దాటాక చెట్లు కిటికీలకు దగ్గరగా వచ్చాయి. దిగువమెట్ట తర్వాత మలుపు మలుపుకూ ఎండ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతూ, ఆమె ముఖం మీద ఆకుల నీడలు పరిగెత్తాయి. సొరంగం వచ్చింది. ఒక్కసారిగా చీకటి, రాతి వాసన, చల్లగాలి. ఆమె చెయ్యి నా మోచేతిని వెతికి పట్టుకుంది. మళ్లీ వెలుగొచ్చేసరికి ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి.

"చల్లగానే ఉంది," అంది. "ఆయన చెప్పిందేదీ అబద్ధం కాదు."

నంద్యాలలో ప్లాట్‌ఫారం దిగి, ఇడ్లీ తిని, తిరుగు రైలెక్కాం. నా జీతంతో పోలిస్తే ఆ యాభై యూరోలు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఒక మనిషి మాటను అన్నాళ్లు ఒంటరిగా నమ్మిన ఇల్లాలి పక్కన కూర్చుని ఆ అడవి దాటడంలో కలిగిన తృప్తి నేను చూసిన ఏ దేశపు ప్రయాణంలోనూ దొరకలేదు. తిరుగు దారిలో ఆమె నా భుజం మీద నిద్రపోయింది. బయట కొండలు నల్లబడుతున్నాయి. తర్లుపాడు వచ్చేదాకా నేను కదల్లేదు.

ఒక సలహా: మీ ఇంట్లో పాత జర్మన్ మార్కులుంటే పారేయకండి, అక్కడికి వెళ్లే నమ్మకమైన మనిషితో పంపండి. ఇటలీ లీరా, ఫ్రాన్సు ఫ్రాంకు లాంటి వాటికి మాత్రం గడువు ఎప్పుడో అయిపోయింది, వాటి కోసం ఎవరికీ కమీషన్ కట్టకండి.