గుజ్జి మీద గని బెల్లు

చాంపియన్ రీఫ్స్ చిన్నప్ప బెల్లు కొట్టందే బండి కదిలించడు. వాన ముంచుకొచ్చినా అంతే, వెనక కూర్చున్న మనిషికి పురిటినొప్పులొస్తున్నా అంతే, సాక్షాత్తూ బిషప్పుగారే ఎక్కి కూర్చున్నా అంతే. హ్యాండిలుకు ఒక ఇత్తడి బెల్లు, దాన్నుంచి వెనక సీటు దాకా ఒక తాడు. వెనక కూర్చున్నవాళ్లు ఆ తాడు లాగాలి. లాగేదాకా ఆయన ఇంజను ఆన్ చేసుకుని, రోడ్డుకేసి చూస్తూ, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చుంటాడు.

ఈ పిచ్చి కోలారు బంగారు గనిలో పట్టిందని ఊరందరికీ తెలుసు. చిన్నప్ప చాంపియన్ రీఫ్స్‌లో వైండింగ్ ఇంజను డ్రైవరు. మనుషుల్ని పాతాళంలోకి దించి పైకి లాగే ఇనుప పంజరాన్ని, అదే కేజ్‌ని, పైన గదిలో కూర్చుని నడిపే ఉద్యోగం. కేజ్ కనపడదు, మనుషులు కనపడరు. కిందనుంచి వచ్చే బెల్లే దిక్కు. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే సరుకు, జోరుగా లాగు. మూడు కొడితే మనుషులు, మెల్లగా లాగు. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. షాఫ్టు మీది చక్రాలకు తుప్పు పట్టింది గానీ చిన్నప్ప చట్టానికి పట్టలేదు.

ఆ చట్టం దెబ్బ మొట్టమొదట తిన్నది ఆయన భార్య జెసింతా. ఆమెది ముళబాగిలు. గని అంటే ఏమిటో, బెల్లంటే ఏమిటో తెలియని పిల్ల. పెళ్లయి చర్చి బయటికొచ్చేసరికి పూలు కట్టిన మోటారుసైకిలు ఎదురుగా ఉంది. గనికి మిషన్లు బిగించడానికొచ్చిన ఇటలీ ఇంజినీరు వెళ్లిపోతూ చిన్నప్పకు వదిలిపోయిన మోటో గుజ్జి. ఇద్దరు పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకున్న తల్లిలాగా అటొక సిలిండరు, ఇటొక సిలిండరు. యాక్సిలరేటరు తిప్పితే బండి మొత్తం ఒక పక్కకు ఊగుతుంది. మామిడికాయల సీమ కాబట్టి ఊళ్లోవాళ్లు దాన్ని గుజ్జుబండి అనేవాళ్లు.

"లాగు, జెసీ," అన్నాడు పెళ్లికొడుకు.

"ఏమి లాగేది?"

"తాడు."

ఆ పిల్ల సిగ్గుతో, భయంతో రెండుసార్లు లాగింది. అంతే! గుజ్జి బాణంలాగా దూసుకుపోయింది. గుంత వదల్లేదు, గతుకు వదల్లేదు. మెడలో దండ ఎవరి గోడ మీద పడిందో ఈనాటికీ తెలియదు. ఇంటి ముందు దిగేసరికి కొత్త పెళ్లికూతురు జుట్టు విరబోసుకున్న మారమ్మలాగా ఉంది.

"ఇట్లనా తోలేది? ప్రాణం పోయుంటే?"

"రెండు కొట్టినావు కదమ్మా! రెండంటే సరుకు. నేను సరుకునే తెచ్చినా," అన్నాడు చిన్నప్ప, తప్పంతా ఆమెదైనట్టు.

అది మొదలు. అత్తగారింటికి ముళబాగిలు బస్సెక్కితే, కండక్టరు బెల్లు కొట్టకముందే డ్రైవరు బండి కదిలించాడని చిన్నప్ప లేచి నిలబడ్డాడు. "యెవురప్పా నీకు నేర్పించింది? కింద మనిషి ఉంటే?" డ్రైవరు బస్సు ఆపాడు, కండక్టరు బెల్లు కొట్టాడు, అప్పుడు గానీ ఆయన కూర్చోలేదు. జెసింతా కొంగు మొహాన కప్పుకుని, పక్కనున్నాయన ఎవరో తెలియనట్టు కిటికీలోంచి చూసింది. కోలారు ఆస్పత్రి లిఫ్టులోనూ అదే వరస. గోడ మీద వేలితో మూడుసార్లు కొట్టందే బటను నొక్కనివ్వలేదు. స్ట్రెచరు మీదున్న రోగి కూడా లేచి చూశాడు.

ఊరు నవ్వింది. పిల్లలు చిన్నప్ప కనపడితే టిఫిను డబ్బాల మీద మూడు కొట్టేవాళ్లు. ఆయనకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

నవ్వనివాడు ఒక్కడే, గని క్వార్టర్సు పక్క లైన్లో ఉండే మునిశంకర్. గనిలో కప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే పనిచేసిన మనిషి. ఆయనకు నడక పిచ్చి. ఎవరు బండి ఆపి ఎక్కమన్నా, "నడక మంచిదప్పా, షుగరు రాదు," అంటాడు. షుగరు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. బస్సు వాసన పడదంటాడు. చిన్నప్ప బండి ఒక్కటే ఎక్కుతాడు. ఎక్కి, తాడందుకుని, సరిగ్గా లెక్క తప్పకుండా మూడు కొడతాడు. ఆ మూడు బెల్లులు వినగానే చిన్నప్ప మొహం వెలిగిపోయేది. అది చూసినప్పుడల్లా జెసింతాకు ఒళ్లు మండేది. తాళి కట్టించుకున్నది నేనా, ఆయనా అని.

గని మూతపడింది. దాంతోపాటు వర్క్‌షాపూ మూతపడింది. గుజ్జికి ఏ ముక్క విరిగినా అక్కడి లేతు మీదే కొత్తది చేసుకునేవాడు చిన్నప్ప. ఇంక అది నడవదని, ముళబాగిలు లారీల ఓనరు ఒకాయన ముచ్చటపడి అడిగితే ఇచ్చేశాడు. బెల్లు మాత్రం విప్పుకున్నాడు. తర్వాత వేమగల్ ఫ్యాక్టరీలో క్రేన్ డ్రైవరుగా చేరి, ఒక మోపెడ్డు కొని దానికి తగిలించాడు.

ఆ మోపెడ్డుకు ఆయన నోటినుంచి ఒక్క మంచి మాట దక్కలేదు. "ఇది బండా? కుట్టు మిషను," అనేవాడు. సాంబారు మాడినా గుజ్జే గుర్తొచ్చేది. "గుజ్జి అయ్యుంటే ఈ సరికి మార్కెట్టుకు పోయి వేరే కూర తెచ్చేవాణ్ని జెసీ." కరెంటు పోయినా, వాన పడకపోయినా, అల్లుడు ఆలస్యంగా వచ్చినా, "అదే గుజ్జి అయ్యుంటే!" జెసింతా చెవులకు కాయలు కాశాయి.

పోయిన నెల ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాడు. బెంగళూరులో నర్సుగా ఉన్న కూతురు షెరిన్ ఫోన్ చేసింది.

"నాన్నా, ఇందిరానగర్‌లో పాత బండ్లమ్మే షోరూంలో గుజ్జి ఉండాది. నా కానుక. అమ్మను తోడుకోని రా."

చిన్నప్ప ఆ పూట అన్నం తినలేదు. మోపెడ్డును పాలుపోసే దొడ్డమునియప్పకు అప్పటికప్పుడే ఇచ్చేశాడు. దాని బెల్లు విప్పి, సంచిలో వేసుకుని రైలెక్కాడు.

షోరూంలో గుజ్జిని చూశాడు. కొత్త తరహా బండి, అయినా అదే తల్లి, అవే ఇద్దరు పిల్లలు. స్టార్టు చేసి యాక్సిలరేటరు తిప్పితే బండి పక్కకు ఊగింది. "చూస్తివా జెసీ! నన్ను గుర్తు పట్టింది," అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. జెసింతాకూ మనసు కరిగింది.

"టెస్ట్ రైడ్ చేస్తారా సార్?" అన్నాడు సేల్స్‌మన్ చంద్రు.

"చేస్తా. నువ్వు వెనక ఎక్కప్పా."

"నేనెందుకు సార్?"

"బెల్లు యెవురు కొడతారు?"

సంచిలోంచి బెల్లు తీసి హ్యాండిలుకు కట్టి, చంద్రు చేతిలో తాడు పెట్టి, చట్టమంతా వివరించి, బండి ఎక్కించుకుపోయాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి చంద్రు మొహం సున్నం కొట్టినట్టుంది. "సాకు సార్, సాకు!" అని కన్నడంలో చాలు చాలంటూ దూకేశాడు.

"యేమయ్యా, యేం చేసినావు ఆయన్ని?" అంది జెసింతా.

"నేనేం చేస్తి? సిగ్నలు కాడ ఏడు కొట్టినాడు. ఏడుకి మా గనిలో అర్థమే లేదు."

షోరూంలో వాళ్లంతా పని మానేసి నవ్వారు. ఒకమ్మాయి ఫోన్లో వీడియో తీసింది. పెళ్లినాటి దండ, ముళబాగిలు బస్సు, ఆస్పత్రి లిఫ్టు అన్నీ జెసింతా కళ్లముందు గిర్రున తిరిగాయి. ఇంక ఆమెవల్ల కాలేదు.

"ఈ బండికి బెల్లు కట్టేదానికి లేదు," అంది.

"ఊరికే చిన్న బెల్లు జెసీ."

"హారను ఉంది కదా సార్," అన్నాడు చంద్రు దూరంనుంచే.

"హారను బయటోళ్లకప్పా. బెల్లు ఎక్కినోళ్లకి."

"అదంతా నాకు తెలీదు," అంది జెసింతా. "బెల్లు కడితే ఈ బండి మన గడప తొక్కకూడదు. ఇంత వయసొచ్చింది, ఇంగనైనా నన్ను తలెత్తుకోని తిరగనీ!"

చిన్నప్ప గుజ్జి ట్యాంకు మీద చెయ్యి వేశాడు. దుమ్ము లేకపోయినా దుమ్ము తుడిచాడు. తర్వాత బెల్లు విప్పి సంచిలో వేసుకున్నాడు.

"అయితే బండి వద్దులే," అన్నాడు.

జెసింతా నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లు గుజ్జి గుజ్జి అని కలవరించిన మనిషి! గుజ్జికన్నా, పెళ్లాంకన్నా ఆ ఇత్తడి ముక్క ఎక్కువైందా? బంగారపేట దాకా రైల్లో ఆయనతో మాట్లాడలేదు. బంగారపేటలో వడలు కొని, తన రెండూ తాను తినేసి, ఆయనవి కూడా తినేసింది. అంత కోపం.

మర్నాడు ఉదయం మునిశంకర్ కూతురు నేత్రావతి వేమగల్ నుంచి స్కూటరు మీద వచ్చింది. ఆదివారం ఆమె బిడ్డకు పేరు పెడుతున్నారు. తొలి మనవరాలు. ముందుగానే నాన్నను తీసుకుపోదామని వచ్చింది. జెసింతా వాకిట్లో రాగులు చెరుగుతూ అంతా చూస్తోంది.

"ఎక్కు నాన్నా," అంది నేత్రావతి.

"నడిచొస్తాలేమ్మా."

"వేమగల్‌కి నడిచొస్తావా? బిడ్డ స్కూలుకి పోయేసరికి చేరతావు!"

మునిశంకర్ ఒక కాలు ఎత్తి వెనక సీటు మీద వేశాడు. కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన కుడిచెయ్యి గాల్లో ఏదో తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. నుదుటిమీద చెమట పట్టింది. గభాలున దిగి, "తల తిరగతా ఉండాది, నువ్వు పో తల్లీ. బిడ్డను ఫోన్లో చూస్తాలే," అన్నాడు. నేత్రావతి మూతి ముడుచుకుని, నీళ్లు తాగడానికి ఇంట్లోకి వెళ్లింది.

జెసింతా చేతిలో చేట ఆగిపోయింది. ఆ చెయ్యి దేనికోసం తడుముకుందో ఆమెకు తెలుసు. చేట పక్కన పెట్టి వెళ్లింది.

"అన్నా, ఆ బెల్లు నీదా?"

మునిశంకర్ కూతురు వెళ్లిన గుమ్మంకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నీ పెళ్లికి ముందు మాట చెల్లెమ్మా. కేజ్‌లో పైకొస్తా ఉండాం. లోపల బండ పేలింది. కేజ్ జారి నిలిచిపోయింది, దీపాలు ఆరిపోయినాయి. పైన అందరూ లాగు లాగు అని అరిచినారంట. చిన్నప్ప లాగలేదు. 'కిందనుంచి బెల్లు రానీ' అని లివరు పట్టుకోని కూర్చున్నాడంట. కేజ్‌కి కొయ్య అడ్డం పడుండాది. లాగుంటే మేమంతా ముక్కలే. కొయ్య తీసి, చీకట్లో తాడు తడుముకోని మూడు కొట్టినా. అప్పుడు లేపినాడు చూడు, పూలబుట్ట లేపినట్ల!"

"తర్వాత?"

"కదిలేది యేది ఎక్కినా కాళ్లు చల్లబడతాయి. బండలు మోసినోడు స్కూటరుకి భయపడతాడంటే నవ్వరా? ఒకనాడు చిన్నప్ప గుజ్జికి బెల్లు కట్టుకోని వచ్చినాడు. 'శంకరా, బెల్లు వినకపోతే నాకు చెయ్యి ఆడటం లేదురా, నువ్వు కొట్టరా' అన్నాడు. నా ఒక్కడితోనే కొట్టిస్తే జనానికి తెలిసిపోతాదని, ఎక్కినోళ్లందరితోనూ కొట్టించినాడు. నన్ను చూసి నవ్వాల్సిన ఊరు ఆయన్ని చూసి నవ్వింది."

"అంటే," అంది జెసింతా, నడుం మీద చేతులు పెట్టుకుని, "పెళ్లినాడు పట్టుచీరలో నన్ను సరుకుమూట చేసింది నీకోసమా అన్నా!"

మునిశంకర్ భయంభయంగా తలూపాడు. జెసింతాకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత మొగుణ్ని తలుచుకుంటే గుండె నిండిపోయింది. ఇంత మంచివాణ్ని కట్టుకుని ఇన్నాళ్లూ పిచ్చివాణ్ని కట్టుకున్నానని ఏడ్చాను కదా అనుకుంది. సగం నిజంగానే పిచ్చి, అది వేరే సంగతి.

ఇంట్లోకి పోయి షెరిన్‌కు ఫోన్ చేసింది. గుజ్జి ఇంకా అమ్ముడుపోలేదు. చిన్నప్ప వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"లెయ్యి. బెంగళూరుకి పోవాల."

"యెందుకు?"

"గుజ్జికి. సంచిలో ఆ బెల్లు ఉందా లేదా చూసుకో."

చిన్నప్ప చేతిలో కాయ జారిపోయింది. "వద్దంటివే!"

"బెల్లు లేని బండి యెవురు ఎక్కుతారయ్యా? నాకు భయం."

"యెప్పట్నించి?"

"పొద్దున్నించి."

ఆయన భార్య మొహం చూశాడు. కిటికీలోంచి పక్క లైనుకేసి చూశాడు. మళ్లీ భార్య మొహం చూశాడు. జెసింతా ఏమీ ఎరగనట్టు వేరుశనక్కాయలు నోట్లో వేసుకుంది. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆదివారం వేమగల్‌లో పేరు పెట్టే ఇంటిముందు షామియానా, చుట్టాలు. జెసింతా ముందే బస్సులో వచ్చేసింది. వీధి మలుపులో గుజ్జి ధగధగలాడుతూ వచ్చింది. వెనక కొత్త పంచెలో మునిశంకర్, చేతిలో తాడు. ఒక్క బెల్లు కొట్టాడు. గుజ్జి గుమ్మం ముందు మెత్తగా ఆగింది. మునిశంకర్ దిగి, మనవరాల్ని ఎత్తుకుని, వదలనే వదల్లేదు.

"యేమి మునిశంకరన్నా, ఐస్‌బండి మీద వచ్చినావే!" అన్నాడు చుట్టాల్లో ఒకాయన. అందరూ గొల్లుమన్నారు.

"ఆ బెల్లు నేను కట్టించినా," అంది జెసింతా, నలుగురికీ వినపడేటట్టు. "నాకు భయమప్పా. యేం?"

"అయ్యో, ఈయమ్మకి కూడా పట్టుకుందే!" అన్నారు ఆడవాళ్లు. ఈసారి జెసింతా కొంగు మొహాన కప్పుకోలేదు. చిన్నప్ప మాత్రం పాయసం గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు.

మునిశంకర్ నాలుగు రోజులు మనవరాలి దగ్గరే ఉంటానన్నాడు. సాయంత్రం జెసింతా గుజ్జి ఎక్కింది. చిన్నప్ప ఇంజను ఆన్ చేసి, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనకనుంచి రెండు బెల్లులు వినిపించాయి.

"జెసీ, రెండే కొట్టినావు."

"తెలుసు."

"రెండంటే సరుకు."

"ముప్పై యేండ్లుగా మోస్తా ఉండావు కదయ్యా," అంది జెసింతా, ఆయన నడుం గట్టిగా పట్టుకుని. "ఇంగ బిరీన పోనీ!"