సగం మిరపకాయల డాక్టరు

మత్తు డాక్టరు క్రీస్తుదాసుకి ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. లోకంలో ఏ నొప్పినైనా ఆయన మిరపకాయల్లో కొలిచేవాడు. కొలిచి ఊరుకుంటే పోనీ అనుకోవచ్చు. అందులో సగం తనే నమిలి మింగేవాడు.

నిజానికి లోకంలో తూకాలకేం తక్కువ? బంగారానికి గురిగింజ ఉంది. పత్తికి బారువ ఉంది. కొరడాలతో కొట్టించిన రాజులు సైతం దెబ్బలు లెక్కపెట్టించారే గాని, తగిలినవాడికి ఎంతయిందో ఏ రాజూ అడిగిన పాపాన పోలేదు. ఆ అడగటమేదో గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో, ఎండుమిరపకాయలు జేబులో వేసుకుని తిరిగే ఒక బక్కపలచటి మనిషి మొదలుపెట్టాడు. అది పంతొమ్మిదివందల అరవై. పిల్లలకి నొప్పి అంతగా తెలియదనీ, తెలిసినా మర్చిపోతారనీ పెద్ద పెద్ద డాక్టర్లే నమ్ముతున్న రోజులు.

పిల్లవాడికి ఆపరేషనయి మత్తు దిగగానే క్రీస్తుదాసు మంచం పక్కన గొంతుక్కూర్చునేవాడు. ముందు ఎనామిల్ పళ్ళెంలో పది మిరపకాయలు.

"ఎన్ని కాయలంత నొప్పిరా అబ్బాయ్?"

"ఆరండీ."

"ఆరా? సరే, మూడు నీవి, మూడు నావి." మూడూ కరకర నమిలేవాడు. కళ్ళు ఎర్రబడేవి, ముక్కు కారేది, ఎక్కిళ్ళు పట్టుకునేవి. నర్సు రాజ్యం మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చేది. పిల్లవాడు కుట్లు పట్టుకుని మరీ నవ్వేవాడు. ఆ తర్వాత క్రీస్తుదాసు ఎక్కిళ్ళ మధ్యనే నోటుపుస్తకంలో "ఆరు" అని రాసుకునేవాడు.

ఆ పిచ్చి వార్డుతో ఆగలేదు. పర్చూరు బస్సులో ప్రయాణం రెండు కాయలు. ఆదివారం ప్రసంగం మామూలుగా మూడు, బయటి ఊరి పాస్టరు గారొస్తే అయిదు. కొత్త చెప్పు కరిస్తే ఒకటిన్నర.

ఇదంతా చూసి కడుపు మండిపోయే మనిషి ఒకడున్నాడు. మిరపకాయ ముట్టకుండానే. ఆయన సర్జను రాఘవులు. ఇద్దరూ విశాఖపట్నంలో ఒకే బెంచీ మీద చదివిన వాళ్ళు. రాఘవులు చెయ్యి అంటే చెయ్యే. హెర్నియా వచ్చిన పిల్లల్ని, అపెండిక్స్ ముదిరిన పిల్లల్ని రెండొందల ఇరవై మందిని కోసి, ఒక్క ప్రాణం పోకుండా ఇంటికి పంపాడు. కానీ ఆ రెండొందల ఇరవై మంది తల్లులూ దండాలు పెట్టింది ఎవరికి? మూతిమీద గుడ్డ వేసి నాలుగు ఈథరు చుక్కలు పోసినవాడికి!

పర్చూరు నుంచి వచ్చిన మల్లేశ్వరి అయితే మరీ అన్యాయం చేసింది. కొడుకు ఆదెయ్యకి ఆపరేషనయిన మర్నాడు గంపెడు సపోటాలు తెచ్చి రాఘవులు ముందునుంచే క్రీస్తుదాసు గదికి నడిచింది.

"అమ్మా, కోసింది నేను!" అన్నాడు రాఘవులు ఆపుకోలేక.

"తెలుసులే బాబూ. కోసినందుకు గూడా ఎవురన్నా పళ్ళిస్తారా?" అనేసి పోయింది.

ఆ సాయంత్రం రాఘవులుకి ఒక అనుమానం పుట్టింది. వీడు తినేవి అసలు మిరపకాయలేనా? ఉప్పు మజ్జిగలో నానేసి చప్పబడ్డ కాయలేమో! కొక్కేనికి వేలాడుతున్న క్రీస్తుదాసు కోటు జేబులోంచి ఒకటి తీసి కసుక్కున కొరికాడు. తర్వాత పది నిమిషాలు ఆపరేషన్ గదిలో చేతులు కడుక్కునే కుళాయికి నోరు పెట్టి ఉండిపోయాడు. రాజ్యం తలుపు తీసి, చూసి, ఏమీ చూడనట్టు మూసేసింది.

అలా నడుస్తుండగా మదరాసు మహాసభ వచ్చిపడింది. దేశం నలుమూలల నుంచీ డాక్టర్లొస్తారు. ఆసుపత్రి తరఫున ఒక్కరే వెళ్ళి ఒక్క వ్యాసం చదవాలి. రాఘవులు తన రెండొందల ఇరవై ఆపరేషన్ల మీద రాశాడు. క్రీస్తుదాసు పిల్లల నొప్పి లెక్కల మీద, మూడేళ్ళలో నింపిన పదహారు నోటుపుస్తకాలు ముందేసుకుని రాశాడు. రెండూ సూపరింటెండెంటు ఎలీసమ్మ గారి బల్ల మీదకి చేరాయి.

రాఘవులుకి తిండి సయించలేదు. తల్లులు పోతే పోయారు, సపోటాలు పోతే పోయాయి. మదరాసులో తన పాత ప్రొఫెసర్ల ముందు గూడా వీడే నిలబడి మిరపకాయలు నములుతాడా?

ఇంతలో దేవుడు రాఘవులు మొర విన్నాడు. క్రీస్తుదాసుకి కడుపులో మంట పట్టుకుంది. ఎలీసమ్మ గారు నాలుగు రోజులు మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టొద్దని మంచానికి కట్టేసినంత పని చేశారు. "లెక్క తెగిపోకూడదు రాఘవులూ, కాస్త నువ్వు అడిగి రాసిపెట్టు," అన్నారు.

రాఘవులు పళ్ళెం పట్టుకుని, కుట్లు మానక ఇంకా వార్డులోనే ఉన్న ఆదెయ్య మంచం దగ్గర నిలబడ్డాడు. "ఏరా, ఎన్ని కాయలు?"

"ఎనిమిదండీ."

పుస్తకం తిరగేసి చూశాడు. "నిన్న క్రీస్తుదాసు గారికి మూడన్నావు గదరా? రాత్రికి రాత్రి పెరిగిందా?"

"పెరగలా. ఆయనకి నిజం చెబితే నాలుగు తినాలి గదండీ. పాపం, ఆయన కడుపు మంచిది గాదంట."

"మరి నాకు చెప్పావే?"

ఆదెయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "తమరు తినరుగా."

రాఘవులు మంచం మంచానికీ తిరిగాడు. అయిదు చెప్పిన పిల్ల తొమ్మిదంది. రెండు చెప్పినవాడు ఏడన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఈ వార్డులో పాత పిల్లలు కొత్త పిల్లలకి మొదట నేర్పే పాఠం ఇదీ: "ఆరు దాటి చెప్పమాక. డాక్టరు గారు చచ్చిపోతాడు."

పదహారు పుస్తకాలు! మూడేళ్ళు! అన్నీ అబద్ధాలు! మిట్టమధ్యాహ్నం ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా, రాఘవులు క్రీస్తుదాసు క్వార్టర్సుకి పరుగెత్తాడు. కాళ్ళు కాలుతున్నాయి, మనసు మాత్రం చల్లగా ఉంది.

"ఒరేయ్, నీ పరిశోధన గంగలో కలిసిందిరా! నీ పిల్లలంతా అబద్ధాలకోర్లు. నువ్వు తినాల్సొస్తుందని తగ్గించి చెబుతున్నారు!"

క్రీస్తుదాసు మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. "తెలుసురా," అన్నాడు.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మూడో నెల నుంచి. కూర్చో, కాళ్ళు కాలినయ్యా? ఎన్ని కాయలు?"

"నా కాళ్ళ సంగతి వదిలెయ్! మూడన్నవాడికి మూడింటి మందే ఇస్తే వాడి గతేంట్రా?"

"నోరు చూసి మందివ్వటానికి నేనేమన్నా వెర్రివాణ్ణా? పిడికిలి చూసి ఇస్తా. ఎనిమిది నొప్పి ఉన్న పిల్లాడి పిడికిలి మూడని అబద్ధం చెప్పలేదు."

"మరి తినటం దేనికి?"

క్రీస్తుదాసు కాస్త సిగ్గుపడ్డాడు. "నొప్పి మందు మదరాసు నుంచి నెలకి ఎన్ని బుడ్లొస్తున్నాయో నీకు తెలవదా? నెల సగంలోనే ఐపోతాయి. ఆ తర్వాత నా దగ్గరేముందిరా, ఈ కాయలు తప్ప? పిల్లాడు నామీద జాలిపడ్డంతసేపు తన కుట్లు మర్చిపోతాడు. పావుగంట మర్చిపోయినా పావుగంటే గదా."

రాఘవులు కాలిన పాదాలు మడుచుకుని నేలమీద కూర్చున్నాడు. "మరి నీ వ్యాసం?" అన్నాడు.

"నిన్ననే ఎలీసమ్మ గారి దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకున్నా. నావి కబుర్లు, రాఘవులువి లెక్కలు, వాణ్ణే పంపండి అని చెప్పా. రెండొందల ఇరవైలో ఒక్కటీ పోకపోవటమంటే ఏందనుకున్నావు? నీ చెయ్యి అంత చురుగ్గా లేకపోతే నా ఈథరు ఎంతమందిని కాచేది?"

చూశారా అన్యాయం! అసూయ పడటానికి కూడా మనిషికి కాస్త చోటు వదలాలి గదా. గెలిచి ఇంటికి పోతూ రాఘవులు, ఓడినవాణ్ణి చూసి కుళ్ళుకున్నాడు.

గుమ్మం దాటబోతుంటే క్రీస్తుదాసు పిలిచాడు. "ఒరేయ్, ఒక సాయం చెయ్యి. నిజమైన లెక్క కావాలంటే ఇక నువ్వే అడగాలి."

"నేనే ఎందుకు?"

"నీమీద జాలిపడే పిల్లాడు ఈ ఆసుపత్రిలో ఒక్కడూ లేడు."

"అది తిట్టా, పొగడ్తా?"

"శాస్త్రానికి అంతకు మించిన అర్హత లేదురా!"

రాఘవులు మదరాసు వెళ్ళాడు, చదివాడు, చప్పట్లు కొట్టించుకుని తిరిగొచ్చాడు. రాగానే పళ్ళెం పట్టుకున్నాడు. క్రీస్తుదాసు ఎప్పట్లాగే పొద్దున పోయి తినేవాడు. ఎలీసమ్మ గారు గుప్పెడు నుంచి మూడు కాయలకి దించారంతే. రాఘవులు సాయంత్రం పోయి, ఏమీ తినకుండా, అడిగి రాసుకునేవాడు. ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్క పిల్ల ఒక్క కాయ తగ్గించలేదు. ఆ కనికరం లేని లెక్కల్లోంచే ఇద్దరికీ ఒక సంగతి తేలింది: మత్తు దిగి పిల్లవాడు ఏడిచాక ఇచ్చే మందు కన్నా, ఏడవకముందే ఇచ్చే మందు సగమైనా చాలు. అప్పట్నుంచి ఆ వార్డులో నెల చివరి దాకా బుడ్లు మిగలసాగాయి.

అయినా రాఘవులు మనసులో ముల్లు ముల్లుగానే ఉంది. "ఒక్కళ్ళన్నా తగ్గించరేం?" అని రాజ్యం దగ్గర వాపోయాడు కూడా.

"లెక్క పాడవదండీ?"

"పాడైతే అయింది!"

ఒకరోజు పొద్దుటి నుంచీ అయిదు ఆపరేషన్లు. అయిదోది చీరాల మగ్గాల వాళ్ళమ్మాయి బసవమ్మ, ఆరేళ్ళది. సాయంత్రం రాఘవులు నడుం పట్టుకుని, ఒక చేత్తో గోడ ఆనుకుంటూ ఆ పిల్ల మంచం దగ్గరికొచ్చాడు.

"ఎన్నమ్మా?"

బసవమ్మ పళ్ళెం కేసి చూడలేదు. ఆయన ముఖం కేసే చూసింది. "ఒకటేనండీ. మీరు పోయి పడుకోండి."

దుప్పటి పట్టుకున్న పిడికిలి తెల్లగా పాలిపోయి ఉంది. రాఘవులు రాజ్యాన్ని పిలిచి ముందు సూది వేయించాడు. పిడికిలి వదులయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత "ఒకటి" అని రాసి, అడ్డంగా గీత కొట్టి, పక్కన "ఈ లెక్క చెల్లదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆ పుస్తకం చంకన పెట్టుకుని, నడుంనొప్పి మాట మరిచి, క్రీస్తుదాసు గదికి పరుగెత్తాడు.

"చూడరా! నాకూ అబద్ధం చెప్పింది! ఏమీ తినకుండానే!"

క్రీస్తుదాసు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీత కొట్టిన వరస రెండుసార్లు చదివాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఒకటా? మొన్న చేరినప్పుడు కడుపునొప్పికి నాకు మూడు చెప్పిందే!"