సోమవారం పొద్దున మరిచిపోయే స్విచ్

2013. కోలారు బంగారు గనులు మూతబడి చాలా ఏళ్లయింది. నేను కోలారులో ఉంటూ చుట్టుపక్కల ఆఫీసుల్లో కంప్యూటర్ నెట్‌వర్కులు బాగుచేసేవాణ్ణి. గనుల పక్కనుండే ఊరిగాంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఎక్స్‌రే తీస్తే ఆ బొమ్మ డాక్టరు గదిలోని కంప్యూటరుకు పోవాలి. వారమంతా పోతుందట, సోమవారం పొద్దున మాత్రం పోదట. అందుకే నేనూ ఒక సోమవారం పొద్దునే వెళ్లాను.

"ఆ యమ్మే ఏదో చేస్తా ఉండాది," అన్నాడు మేనేజరు, ఎక్స్‌రే తీసే స్టెల్లాను చూపించి. "సోమవారం జనం ఎక్కువ కదప్పా, పని తప్పించుకోను వైర్లు పీకుతాది. నెలాఖరుకు పనిలోంచి పంపించేస్తాము."

స్టెల్లా కళ్లు ఎర్రబడ్డాయి. "నువ్వన్నా సరిగ్గా చూడన్నా. ఈ పేరుతో పోతే ఇంగ నాకు యాడా పని దొరకదు."

నెట్‌వర్క్ స్విచ్ అంటే కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. ఏ తీగ ఏ గదితో మాట్లాడాలో దానికి మనమే నేర్పాలి. ఆ నేర్పిందే కాన్ఫిగరేషన్. తెరిచి చూస్తే అందులో ఎక్స్‌రే గది ఊసే లేదు. స్టెల్లాకు దాని పాస్‌వర్డే తెలియదు. మరి చెరిపిందెవరు? అంతకుముందు ఈ నెట్‌వర్క్ చూసుకునే కాంట్రాక్టరు మనుషులు ప్రతి సోమవారం వచ్చి ఏవో నాలుగు లైన్లు కొట్టి పోయేవాళ్లట. వాళ్ల మంత్రాలకు చింతకాయలు రాలేవి గానీ, వారం తిరిగేసరికి మళ్లీ కొమ్మెక్కి కూర్చునేవి.

స్విచ్ తన సంగతులు రాసిపెట్టుకునే లాగ్ చూస్తే నా మతి పోయింది. అక్కడున్న తేదీ 1993. అప్పటికి గనులు నడుస్తూనే ఉన్నాయి, ఈ పెట్టె పుట్టనే లేదు. కాసేపు తల గోక్కున్నాక గుర్తొచ్చింది. ఈ రకం స్విచ్ ఆగి మళ్లీ లేస్తే టైము మరిచిపోయి ఆ ఏడాది నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఆ లెక్క ఇంకా రెండు గంటలు దాటలేదు, అంటే ఇది ఆ పొద్దున్నే రీబూట్ అయింది.

"కరెంటు పోయిందా సార్?" అని మేనేజరును అడిగాను.

"యూపీఎస్ ఉండాది, జనరేటర్ ఉండాది. ఎట్లా పోతాదప్పా?"

మళ్లీ అయోమయం. చివరికి ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను, పేరు ఆరోగ్యం. గని మూసేదాకా లోపలే పనిచేసిన పెద్దాయన.

"ఆదివారం చర్చికి పోయే ముందు ఈ పక్క మెయిన్ నేనే ఆపుతాను, యూపీఎస్‌తో సహా," అన్నాడు నింపాదిగా. "సోమవారం వచ్చి వేస్తాను. లోపల మనిషి లేకుంటే కరెంటు ఉండకూడదప్పా. గనిలో అట్లనే చేస్తా ఉంటిమి."

అప్పటికి నాకు దారి కనిపించింది. మనం కొట్టిన లైన్లు ముందు రన్నింగ్ కాన్ఫిగరేషన్‌లో, అంటే తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి. సేవ్ చేస్తేనే స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లోకి చేరతాయి. లేచేటప్పుడు స్విచ్ చదివేది దాన్నే. కాంట్రాక్టరు మనుషులు ఒక్కసారీ సేవ్ చేయలేదు.

లైన్లు కొట్టి, సేవ్ చేసి, మేనేజరు ఎదుటే ఆరోగ్యంతో మెయిన్ ఆపించాను. మళ్లీ వేస్తే స్విచ్ తన తీరికన తను లేచింది. స్టెల్లా వరసలో ఉన్న ముసలాయనను నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీసింది. పక్క గదిలోంచి డాక్టరు కేకేశాడు, "వచ్చినాదమ్మా!"

"సరే, అయిపోయింది కదా. ఇంగ నీ పని చూసుకో," అన్నాడు మేనేజరు.

"మీకు అయిపోయింది సార్," అంది స్టెల్లా. "వైర్లు ఎందుకు పీకుతావని చర్చిలో నా పక్కన కూర్చునేవాళ్లు కూడా అడిగినారు. వాళ్లకెవరు చెప్తారు?"

ఆయన ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. నేను బిల్లు రాసి, సంచి సర్దుకుని బయలుదేరాను.

తర్వాత ఆరోగ్యం కనిపించినప్పుడు చెప్పాడు, స్టెల్లా తనే రాజీనామా ఇచ్చి మాలూరులో వేరే ఆసుపత్రిలో చేరిందని. తప్పు లేదని తేలాక పోవడమేమిటో నాకు మొదట అర్థం కాలేదు. నేను బాగుచేసింది స్విచ్చునే. ఆ అమ్మాయి పేరును ఎవరూ బాగుచేయలేదు.

ఇప్పుడు ఏ పని చేసినా సేవ్ చేసి, ఒకసారి ఆపి, లేచేదాకా చూసి గానీ కదలను. అయితే అంతకంటే ముందు, గడపలోనే ఒక మాట అడుగుతాను: "ఇందులో మీరు ఎవరిని అనుమానిస్తున్నారు?"